కొస ఇంటి కొళాయి

పొద్దున ఆరున్నరకి ట్యాంకు కింద వాల్వు తిప్పుతారు. ట్యాంకు పక్క ఇళ్లలో నీళ్లు దబదబా పడతాయి. పావుగంటకి నడి వీధి బిందెలు నిండుతాయి. కాలనీ కొసన ఉండే ఇంట్లో కొళాయి ముందు బుస్సుమని గాలి వదుల్తుంది, ఆపైన చిటికెనవేలంత దార మొదలవుతుంది, బిందె సగం కాకముందే అదీ సన్నబడి బొట్లుబొట్లుగా మారుతుంది. వాల్వు కట్టేశారన్నమాట. తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ఏ దళితవాడకో ఎస్టీ కాలనీకో వెళ్లి నీళ్ల సంగతి అడిగితే, ముందు వీధివాళ్లు “వస్తాండాయి” అంటారు, కొస వీధివాళ్లు “మా కాడికి ఎక్కడం లే” అంటారు. రెండూ నిజాలే. రికార్డులో మాత్రం రెండిళ్లకీ కొళాయి ఉంది.

2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్ గ్రామాల్లో ఇంటింటికీ కొళాయి, మనిషికి రోజుకు 55 లీటర్ల నీళ్లు అని లక్ష్యం పెట్టుకుంది. 2024 గడువు తర్వాత 2028కి జరిగింది. బిగించిన కొళాయిలను లెక్కపెట్టడం తేలిక, ఫోటో తీసి పంపితే అయిపోతుంది. 55 లీటర్లు చేరుతున్నాయా అనేది తేలాలంటే ఎవరో ఒకరు పొద్దున్నే కొస ఇంటి దగ్గర నిలబడాలి. ఆ లెక్క లీటర్లలో చెబితే గాలిలో పోతుంది, బిందెల్లో చెబితే ఇట్టే తెలుస్తుంది. ప్లాస్టిక్ బిందెలో 15 లీటర్లు పడతాయనుకుంటే, ఐదుగురున్న ఇంటికి రోజుకు పద్దెనిమిది బిందెలు రావాలి. కొస ఇంటికి వచ్చేది, పక్కవాళ్ల కొళాయి దగ్గర అడిగి పట్టుకున్నదీ, బోరు కాడినించి మోసుకొచ్చిందీ కలిపి ఆరు బిందెలనుకుందాం.

ఆ ఆరింటినీ ఎలా సర్దుతారో చూస్తే మిగతా కథంతా అందులోనే ఉంది. తాగడానికీ వంటకీ రెండు. అంట్లకి ఒకటి. స్నానాలకి రెండు, అదీ పిల్లలకి ఒకపూట, పెద్దలకి ఒకపూట అని వంతులు పెట్టుకుంటే. బట్టలు చెరువుకో కాలవకో పోతాయి. ఇక మిగిలింది ఒక్క బిందె. మేకలుంటే అవి తాగాలి, ఇంటి ముందు కళ్లాపి చల్లాలి, చేతులు కడుక్కోవాలి, మరుగుదొడ్డిలో పోయాలి. ఏది ఆగిపోతుందో వేరే చెప్పక్కర్లేదు. ప్రభుత్వంలో కొళాయిని ఒక శాఖ లెక్కపెడుతుంది, మరుగుదొడ్డిని ఇంకో పథకం లెక్కపెడుతుంది, విరేచనాల కేసులు ఆరోగ్యశాఖ రిజిస్టర్లో ఉంటాయి. ఇంట్లో మాత్రం అవన్నీ ఆ ఆరో బిందె దగ్గరే తగువు పడతాయి.

మరుగుదొడ్డి సంగతే చూడండి. స్వచ్ఛ భారత్ కింద 2014 నుంచి ఒక్కో ఇంటికి 12,000 రూపాయల సాయంతో లక్షల్లో కట్టారు, 2019 అక్టోబర్ 2 నాటికి బహిరంగ మలవిసర్జన లేని గ్రామీణ భారతమని ప్రకటించారు. ఇప్పుడు కాలనీల్లో తిరిగితే వాటిలో కొన్ని వాడుకలో కనిపిస్తాయి, కొన్నింట్లో కట్టెలు, గడ్డపారలు, చిరిగిన యూరియా సంచులు కనిపిస్తాయి. “జనానికి అలవాటు లేదు, ఎంత చెప్పినా మారరు” అని మీటింగుల్లో తేల్చేస్తారు. ఆ మాట సగమే నిజం. మిగతా సగం తలుపు తీసి లోపలున్న పాన్‌ను చూస్తే తెలుస్తుంది.

పల్లెల కోసం రూపొందించిన పాన్‌కి వాలు ఎక్కువ, 25 నుంచి 28 డిగ్రీలు. దాని కింద ఉండే వంపు గొట్టంలో నిలిచే నీటి మట్టం 20 మిల్లీమీటర్లే. అందుకే చెంబెడు నీళ్లు, అంటే ఒకటిన్నర రెండు లీటర్లు పోస్తే చాలు, శుభ్రంగా పోతుంది. టౌనులో శానిటరీ షాపులో దొరికే మామూలు పాన్ పల్చటి వాలుతో, లోతైన వంపుతో ఉంటుంది. దానికి చెంబు చాలదు, బకెట్టు కావాలి. మేస్త్రీ చేతికి అందిందేదో తెచ్చి బిగించేస్తాడు, బిల్లులో రెండూ ‘పాన్’ అనే ఉంటాయి. ఐదుగురికి తలా రెండు మూడు లీటర్లతో అయిపోయే పనికి, తప్పు పాన్ పడితే మూడు నాలుగు బిందెలు కావాలి. ఆరు బిందెల ఇంట్లో అది జరిగే పని కాదు. ఇంట్లో మగవాళ్లు చెంబు పట్టుకుని చెరువు గట్టుకి పోతారు. ఆడవాళ్లు చీకటి పడేదాకా ఆగుతారు, ఆగడానికి మధ్యాహ్నం నుంచే నీళ్లు తాగడం తగ్గిస్తారు. మూత్రంలో మంటతో ఆసుపత్రికి వచ్చేవాళ్లని ‘నీళ్లు బాగా తాగమ్మా’ అని పంపిస్తారు. తాగితే వచ్చే ఇబ్బంది అక్కడ ఎవరూ అడగరు.

గుంతల విషయం ఇంకాస్త చిక్కు. సర్కారు చెప్పేది జంట గుంతల పద్ధతి. ఒక గుంత మూడు నుంచి ఐదేళ్లలో నిండుతుంది, అప్పుడు రెండు గుంతలకీ దారి చీలే ఛాంబర్లో అడ్డం మార్చి రెండోదాన్ని వాడాలి, మొదటిది ఏడాదికి పైగా మూసి ఉంచితే లోపలిది వాసన లేని ఎండు ఎరువుగా మారుతుంది. సిద్ధాంతం బాగుంది. కానీ ఆ ఎరువును ఎవరు తీస్తారు అనే ప్రశ్న మన ఊళ్లలో కులం ప్రశ్న. ఎండిపోయినా సరే, తన చేత్తో తీయడానికి ఊరివాడు ఒప్పుకోడు. తరతరాలుగా ఆ పని నెత్తిన పడ్డవాళ్లు అసలు ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. పాత నెల్లూరు, చిత్తూరు జిల్లాల పట్టణాల్లో పారిశుద్ధ్య పనికి పెట్టుకున్నవాళ్లలో ఎస్టీలైన యానాదులూ ఉన్నారు. వాళ్ల మనవలు ఇప్పుడు కాలనీ ఇంట్లో ఉంటూ జంట గుంతల ఎరువు బంగారమని చెప్పే పోస్టర్ చూస్తుంటే వాళ్లకేమనిపిస్తుందో పోస్టర్ రాసినవాళ్లు ఆలోచించినట్టు లేదు.

అందుకని కాస్త చేతిలో డబ్బున్నవాళ్లు పెద్ద ‘సెప్టిక్ ట్యాంకు’ కట్టించుకుంటారు. పేరుకి సెప్టిక్ ట్యాంకు, అడుగున సిమెంటు ఉండదు. అది నిండదు, నిండకపోవడమే గొప్పగా చెప్పుకుంటారు. నిండాల్సిన నీళ్లు నేలలోకి పోతున్నాయన్నమాట. అడుగు కట్టిన ట్యాంకైతే రెండు మూడేళ్లకోసారి లారీ పిలిచి తోడించాలి, లారీ తోడిన దాన్ని శుద్ధి కేంద్రానికి చేర్చాలి. దగ్గర్లో కేంద్రం లేకపోతే ఆ లారీ రాత్రిపూట ఏ చెరువు అలుగు దగ్గర ఖాళీ అవుతుందో ఊహించుకోవచ్చు. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని లోపలికి దించడం 2013 చట్టం ప్రకారం నేరం. అలా దిగి చనిపోతే కుటుంబానికి 30 లక్షలు చెల్లించాలని సుప్రీంకోర్టు 2023 అక్టోబర్‌లో చెప్పింది. మూత తీసిన వెంటనే లోపలి గాలి పీలిస్తే మనిషి నిమిషాల్లో కూలిపోవచ్చు, కాపాడటానికి దిగిన రెండోవాడూ అంతే.

నేల కూడా రెండు జిల్లాల్లో ఒకటి కాదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడదీసినప్పుడు తిరుపతి జిల్లాలో పాత చిత్తూరు భాగంతో పాటు నెల్లూరు జిల్లా నుంచి గూడూరు, సూళ్లూరుపేట, వెంకటగిరి ప్రాంతాలు కలిశాయి. దాంతో పడమట చంద్రగిరి కొండల నుంచి తూర్పున పులికాట్ ఒడ్డుదాకా ఒకే కలెక్టరు కింద రెండు రకాల నీటి కరువు ఉంది. పాత చిత్తూరు జిల్లాలో ఇంకా పడమటికి, పలమనేరు, పుంగనూరు వైపు పోతే అంతా గ్రానైటు రాయి. నీళ్లు రాతి పగుళ్లలో ఉంటాయి, పగులు తగిలితే పడతాయి, తగలకపోతే వెయ్యి అడుగులు వేసినా దుమ్మే. లోతుకు పోయేకొద్దీ రాతిలోని ఫ్లోరైడు నీళ్లలో చేరే అవకాశమూ ఎక్కువే. ఫ్లోరైడు లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపుండాలి, వేరే దారి లేకపోతే ఒకటిన్నర దాకా. అంతకు మించితే పిల్లల పళ్లమీద గోధుమరంగు గారలు పడతాయి. చాలామంది నీళ్లు మరగబెట్టి తాగితే సరిపోతుందనుకుంటారు. మరగబెడితే క్రిములు చస్తాయి కానీ ఫ్లోరైడు పోదు, నీళ్లు ఆవిరై అది ఇంకా చిక్కబడుతుంది.

ఈ పడమటి మండలాల్లో ఇంకో వాటాదారు ఉంది, అది ఆవు. ఇక్కడ ఎంతోమందికి నెలనెలా చేతికి డబ్బొచ్చేది పాల కేంద్రం నుంచే. పాలిచ్చే సంకరజాతి ఆవు ఎండాకాలంలో రోజుకు 60 లీటర్లకు తక్కువ తాగదు, అంటే నాలుగు బిందెలు. ఆరు బిందెల ఇంట్లో ఒక ఆవుంటే లెక్క ఎక్కడికి పోతుందో చూడండి. తాగునీటి పథకాల అంచనాల్లో మనుషులుంటారు, ఆవు అన్నిచోట్లా ఉండదు. పైగా పేడ దిబ్బ ఇంటి పక్కనే, ఒక్కోసారి బోరుకు నాలుగడుగుల్లోనే ఉంటుంది. దాన్నుంచీ గుంతల నుంచీ దిగే నైట్రేటుకి రంగూ రుచీ ఉండవు. లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటితే సీసాపాలు తాగే పసిబిడ్డల రక్తంలో ఆక్సిజన్ మోసే గుణం దెబ్బతింటుంది.

తూర్పున తడ, వాకాడు, సూళ్లూరుపేట వైపు పోతే బోర్లకి అంత లోతు పోనక్కర్లేదు. కొన్నిచోట్ల పార పెడితే నీళ్లు. పులికాట్ దగ్గరికొచ్చేకొద్దీ ఉప్పన. ఇరకం లాంటి దీవికి ఏ సామానైనా పడవలో పోవాల్సిందే. ఇక్కడ గుంత తవ్వితే అడుగు భూగర్భ జలంలోనే ఉంటుంది. గుంత అడుక్కీ నీటి మట్టానికీ మధ్య రెండు మీటర్ల పొడి నేల ఉండాలన్నది సూత్రం, వానాకాలంలో ఆ పొడి నేల ఉండదు. కాబట్టి గుంతలను నేలకన్నా ఎత్తు చేసి చుట్టూ మట్టి దిమ్మ వేయాలి, లేదా నీరు ఇంకని ట్యాంకు కట్టాలి. పలమనేరు డ్రాయింగు తడలో పనికిరాదు. పథకం సాయం మాత్రం రెండుచోట్లా ఒకే 12,000.

నేల నీళ్లతో నిండిపోతే ఏమవుతుందో 2021 నవంబరు వరదల్లో తిరుపతి కళ్లారా చూసింది. స్వర్ణముఖి పొంగింది, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది ఊళ్లు ఖాళీ చేయించారు. అదే వారంలో శ్రీకృష్ణానగర్‌లో ఒక ఇంట్లో సిమెంటు వరల సంపు, నీళ్లు తోడి శుభ్రం చేస్తుండగా, ఉన్నట్టుండి భూమిలోంచి స్తంభంలా పైకి లేచింది. జనం వింతగా చూడ్డానికి వచ్చారు. నిజానికి అది పడవ తేలినట్టు తేలింది. చుట్టూ మట్టి నీళ్లతో జావలా ఉంది, సంపు ఖాళీ అయ్యేసరికి తేలికైంది, కింది ఒత్తిడి పైకి తోసేసింది. ఆ సంపు ఫోటో దేశమంతా తిరిగింది. అదే జావలో వీధిలోని మరుగుదొడ్ల గుంతలూ తాగునీటి పైపులూ కలిసి ఉన్నాయనే సంగతి ఫోటోకి అందదు.

పైపుకి చిల్లుంటే నీళ్లు బయటికి కారతాయని అందరికీ తెలుసు. లోపలికి కూడా వస్తాయన్నది చాలామందికి తట్టదు. నీళ్లు వచ్చేంతసేపూ పైపులో ఒత్తిడి ఉంటుంది, చిల్లులోంచి నీళ్లు బయటికి పోతాయి. వాల్వు కట్టేశాక పల్లపు ఇళ్ల కొళాయిల్లోంచి మిగిలిన నీళ్లు కారిపోతాయి, పైపులో ఖాళీ ఏర్పడుతుంది, ఆ ఖాళీ చుట్టూ ఉన్నదాన్ని పీల్చుకుంటుంది. పైపు పక్కనే మురికి కాలవ ఉంటే పీల్చేది ఆ మురికినే. మర్నాడు పొద్దున మొదటి బిందెలో పడేది అదే. ఎవరైనా కొళాయికి మోటారు తగిలించి లాగితే ఈ పీల్పు ఇంకా పెరుగుతుంది, కొస ఇంటికి దారా ఉండదు. రోజుకి గంటసేపు నీళ్లిచ్చే ఊరికీ, రెండు రోజులకోసారి ఇచ్చే మునిసిపల్ వార్డుకీ ఇది సమానం. కల్యాణి డ్యాము నీళ్లయినా, తెలుగుగంగ నీళ్లయినా, శుద్ధి కేంద్రంలో ఎంత తేటగా ఉన్నా చివరి వంద గజాల్లో చెడిపోతాయి.

దీనికి విరుగుడు ఖరీదైనదేమీ కాదు. మంచి బ్లీచింగ్ పౌడరు వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు. 20,000 లీటర్ల ట్యాంకుకి 50 గ్రాములు, అరచేతిలో పడుతుంది. బకెట్లో కలిపి, తేరుకున్నాక పైనీళ్లు ట్యాంకులో పోసి, గంట ఆగి వదలాలి. మూతి విప్పిన బస్తా నెలల తరబడి తేమలో ఉంటే అందులో మిగిలేది సున్నమే, వాసన కూడా ఉండదు. కొస కొళాయిలో లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉంటే దారిలో కలిసిన మురికిని అది ఎదుర్కొన్నట్టు. పరీక్ష నీళ్లలో రెండు చుక్కల మందు వేస్తే పసుపు రంగు రావడం, అంతే. ఊరికి ఐదుగురు ఆడవాళ్లకి పరీక్ష కిట్లు వాడటం నేర్పాలని జల్ జీవన్ మిషన్‌లోనే ఉంది. క్రిముల పరీక్షకి చిన్న సీసా వస్తుంది, నీళ్లు పోసి ఒకట్రెండు రోజులు వెచ్చని చోట ఉంచితే, మలం తాలూకు క్రిములుంటే నీళ్లు నల్లబడతాయి. వంద ఉపన్యాసాల కన్నా ఆ నల్లటి సీసాను వీధిలో చూపించడం మేలు. అయితే నమూనా ఎక్కడ పడుతున్నారన్నదే అసలు విషయం. ట్యాంకు కింద కొళాయి దగ్గర పట్టిన సీసా ఎప్పుడూ తెల్లగానే ఉంటుంది.

కొళాయి మీద నమ్మకం పోయినవాళ్లు క్యాను నీళ్లకి పోయారు. 2014 అక్టోబర్ 2న మొదలైన ఎన్టీఆర్ సుజల పథకంలో 20 లీటర్లు రెండు రూపాయలకి ఇచ్చారు. ఆ తర్వాత ప్రైవేటు ప్లాంట్లు వీధివీధికీ వచ్చాయి. ఫ్లోరైడు ఉన్నచోట ఆర్వో ప్లాంటు అవసరమే, కాదనలేం. కానీ ఆ నీళ్లలో క్లోరిన్ ఉండదు కనుక కడగని క్యానులో పడితే కాపాడేదేదీ లేదు. పైగా ప్లాంటు శుద్ధి చేసిన నీళ్లతో సమానంగానో అంతకన్నా ఎక్కువగానో ఉప్పునీటిని బయటికి వదుల్తుంది, అదీ ఎండిపోతున్న బోరులోంచి తోడినదే. కూలి దొరకని రోజు క్యాను కూడా రాదు.

ఇంట్లోకి వచ్చాక బిందె మీద పళ్లెం, పళ్లెం మీద చెంబు. దాహమేసిన పిల్లాడు చెంబుతో పాటు చెయ్యీ ముంచుతాడు. శుద్ధి కేంద్రం నుంచి వచ్చిన తేట నీళ్లు అక్కడ పాడవుతాయి. పొడవు కాడ గరిటె, లేదా అడుగున కొళాయి ఉన్న స్టీలు డ్రమ్ము ఈ ఒక్క పనినీ ఆపుతుంది. చేతులు కడుక్కోవడానికి వస్తే, సబ్బు కొనలేని ఇల్లు అరుదు, బట్టల సబ్బు ముక్కైనా ఉంటుంది. నీళ్లకే వెనకాడతారు. ఐదుగురు రోజుకు ఆరేసిసార్లు చెంబుతో అర లీటరు చొప్పున పోసుకుంటే ఒక బిందె అయిపోతుంది. మరుగుదొడ్డి పక్కన నూనె డబ్బాకి బెజ్జం పెట్టి, కట్టెకి వేలాడదీసి, కాలితో తొక్కితే వంగేలా తాడు కడితే గ్లాసెడు నీళ్లలో పని అవుతుంది. బళ్లలో పిల్లలు చేసిన ఇలాంటి డబ్బాలు ప్రదర్శన రోజు తర్వాత కనిపించవు, ఎందుకంటే డబ్బా నింపే పని ఎవరిదో ఎవరూ చెప్పలేదు.

విరేచనాలు పట్టుకున్న బిడ్డకి ఓఆర్ఎస్ ప్యాకెట్టు, 14 రోజులు జింకు మాత్రలు. ప్యాకెట్టు లేకపోతే లీటరు శుభ్రమైన నీళ్లలో ఆరు టీ చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. రెండు విరేచనాలు తగ్గగానే జింకు ఆపేస్తారు, అది మానకూడదు.

ప్రభుత్వ బళ్లలో ఆడపిల్లలకి నెలకు పది నాప్కిన్లిచ్చే ‘స్వేచ్ఛ’ 2021 అక్టోబరులో వచ్చింది. ఇచ్చినవి మార్చుకోవడానికి గడియ పడే తలుపు, లోపల బకెట్టు నీళ్లు, వాడినవి వేయడానికి మూత ఉన్న డబ్బా కావాలి. చదువు ఆపేసిన ఆడపిల్లలకీ, కూలికి పోయే తల్లులకీ బట్టే దిక్కు. అది కడగడానికి నీళ్లూ, ఆరేయడానికి ఎండా రెండూ కావాలి. చీరచాటున చీకటి మూలన ఆరిన బట్టతో దురదలు, పుళ్లు. ఎండలో ఆరేయమని చెప్పడం తేలిక, నలుగురూ తిరిగే చోటున్న దండెం తప్ప వేరే దండెం లేని ఇంట్లో ఆరేయడం తేలిక కాదు.

ఈ లెక్కల్లో దేనికీ అందనివాళ్లు కూడా ఉన్నారు. చెరువు గట్టు మీదో కాలవ పోరంబోకులోనో గుడిసె వేసుకున్న యానాది కుటుంబానికి పట్టా ఉండదు, కొందరికి ఆధార్ కూడా ఉండదు. పట్టా లేని ఇంటికి మరుగుదొడ్డి మంజూరు కాదు, ఇంటి నంబరు లేని చోటికి పైపు రాదు. కాబట్టి ‘నూరు శాతం’ అన్నప్పుడు వాళ్లు నూరులోనూ లేరు, మిగిలినదాంట్లోనూ లేరు. ఇటుక బట్టీలకి కుటుంబాలతో వచ్చేవాళ్లదీ ఇదే కథ. బట్టీ ఏడాదిలో ఆరునెలలు నడుస్తుంది, ఆ ఆరునెలలూ అక్కడున్న పిల్లలు ఏ ఊరి లెక్కలోనూ ఉండరు.

డబ్బు లేదనడం అంత నిజం కాదు. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పంచాయతీలకిచ్చిన గ్రాంట్లలో 60 శాతాన్ని సగం తాగునీటికీ సగం పారిశుద్ధ్యానికీ ముడిపెట్టింది. ఖర్చు ఎక్కువగా కొత్త పనులవైపే పోతుంది, ఎందుకంటే కొత్త పనికి శిలాఫలకం ఉంటుంది. కాలిపోయిన మోటారుకి వైండింగు, పగిలిన వాల్వు, వాటర్‌మ్యాన్ జీతం, బ్లీచింగ్ బస్తా, ఇవేవీ ఫోటోకి పనికిరావు. మోటారు కాలిపోయి షాపులో వైండింగు అయ్యేదాకా పది రోజులు పడితే, ఆ పది రోజులూ ఊరు ట్యాంకరు దగ్గర కొట్టుకుంటుంది. ఒక విడి మోటారు పంచాయతీ గదిలో ఉంచితే ఆ పని ఒక పూటలో అవుతుంది.

కొస ఇంటికి నీళ్లు ఎక్కించడానికి కూడా కొత్త ట్యాంకు అక్కర్లేదు చాలాచోట్ల. వీధికో వాల్వు పెట్టి, కొస వీధికి ముందు వదలాలి. ముందు ఇళ్ల కొళాయిల్లో నీటి దారను అదుపు చేసే చిన్న బిళ్ల వేయాలి. ట్యాంకు పక్కవాళ్లకి ఇది నచ్చదు, వాళ్లలో వార్డు మెంబరు ఇల్లు ఉంటే ఇంకా నచ్చదు. ఇంజనీరు సరిచేయగలిగింది పైపు వరకే, ఆపైన పంచాయితీయే. అది తేలేదాకా కనీసం కొస ఇంటి గోడ మీద సుద్దముక్కతో రోజూ మూడు ముక్కలు రాయొచ్చు: నీళ్లు ఎన్నింటికి వచ్చాయి, బిందె నిండడానికి ఎన్ని నిమిషాలు పట్టింది, పరీక్ష నీళ్లు పసుపెక్కాయా లేదా. గ్రామ సచివాలయం ఇంజనీరింగ్ అసిస్టెంటు తన రిజిస్టరు ట్యాంకు దగ్గర కాకుండా ఆ గోడ దగ్గర రాసుకుంటే సంగతి తేలుతుంది. 15 లీటర్ల బిందె మూడు నిమిషాల్లో నిండితే నిమిషానికి ఐదు లీటర్లు, పన్నెండు నిమిషాలైతే లీటరుంపావు. కొళాయి ఉన్న ఇంటికీ నీళ్లున్న ఇంటికీ తేడా ఆ తొమ్మిది నిమిషాల్లో ఉంది.